ఇంటి బిల్లు, గోడ పరిహారం: వైరా ప్రాంతంలో గృహసాయం నిర్వహణ

వైరా చుట్టుపక్కల ఊళ్లలో సర్కారు సొమ్ముతో ఇల్లు నిలబడాలంటే రెండు దారులున్నాయి. కొత్త ఇంటికి ఇచ్చే సాయం మొదటిది. అది గృహనిర్మాణ శాఖ చేతి మీదుగా వస్తుంది. వరదకో గాలివానకో దెబ్బతిన్న ఇంటికి ఇచ్చే పరిహారం రెండోది. అది రెవెన్యూ శాఖ పంచనామా మీద, విపత్తు నిధి నుంచి వస్తుంది. ఈ రెండింటికీ దరఖాస్తు వేరు, చూడటానికి వచ్చే ఉద్యోగి వేరు, లెక్క కట్టే తీరు వేరు. ఈ రెంటికీ చెందని పాత ఇళ్లు ఊరూరా ఉన్నాయి: పెంకులు జారినవి, మట్టిగోడ ఉబ్బినవి, శ్లాబు పెచ్చులూడి ఇనుము బయటపడినవి. కూలలేదు కాబట్టి వాటికి పరిహారం రాదు. ఇల్లంటూ ఒకటి ఉంది కాబట్టి కొత్తదీ రాదు. గృహసాయం ఎలా నడుస్తోందో తెలుసుకోవాలంటే ఎంత మంజూరైందన్నది ఒక్కటే చూస్తే సరిపోదు. డబ్బు ఎప్పుడు చేతికొచ్చింది, ఏ కాగితం చూసి ఇచ్చారు, ఎవరు మిగిలిపోయారు అన్నవి కూడా చూడాలి.

ఈ ప్రశ్నకున్న అన్ని ముఖాలూ వైరాలో ఒకేచోట కనిపిస్తాయి. నిజాం కాలంలో, 1930లో కట్టిన జలాశయం కింద మాగాణి ఊళ్లు ఒకవైపు ఉంటాయి. ఏన్కూరు, జూలూరుపాడు, కారేపల్లి వైపు కదిలితే తండాలు, గూడేలు, ఆపైన కొత్తగూడెం, భద్రాచలం అడవి అంచు. వైరా ఏరు కిందికి పోయి మున్నేరులో కలుస్తుంది. ఆ మున్నేరే ఖమ్మం పట్టణాన్ని ముంచింది. 2009 ఎన్నికల నుంచి ఎస్టీలకు రిజర్వు అయిన వైరా నియోజకవర్గంలో మునిసిపల్ వార్డు, నల్లరేగడి పల్లె, లంబాడా తండా, కోయ గూడెం అన్నీ ఉన్నాయి. అందరికీ వర్తించే మార్గదర్శకాలు మాత్రం ఒకటే.

ఈ సాయానికి నాలుగున్నర దశాబ్దాల చరిత్ర ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో గృహనిర్మాణ సంస్థ 1979లో ఏర్పడింది. కేంద్రం వైపు నుంచి ఇందిరా ఆవాస్ యోజన 1985-86లో మొదలై, 1996లో ప్రత్యేక పథకంగా నిలబడింది. 2006లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఇందిరమ్మ కార్యక్రమం చేపట్టి, ఊళ్లో అర్హులందరికీ మూడేళ్లలో ఇల్లు అన్న లక్ష్యం పెట్టుకుంది. ఆ పద్ధతిలో కొంత సబ్సిడీ, కొంత అప్పు, కొంత సిమెంటు బస్తాల రూపంలో సాయం అందేది. ఇళ్లు లేచాయి, చాలా లేచాయి. వాటితోపాటు బిల్లు ఆగి పునాది దగ్గరో గోడల దగ్గరో నిలిచిపోయినవీ ఉన్నాయి. కాగితం మీద పూర్తయి నేల మీద కనిపించని ఇళ్ల గురించి ఫిర్యాదులు రావడంతో, తెలంగాణ ఏర్పడ్డాక 2014లో కొత్త ప్రభుత్వం సీఐడీ విచారణకు ఆదేశించింది. ఆ విచారణ సాగినన్నాళ్లూ నిజంగా ఇల్లు కట్టుకున్నవాడి బిల్లు కూడా ఆగింది. తప్పు చేసినవాడిని పట్టుకునే ప్రయత్నంలో మంచివాడి డబ్బు ఆపేయడం ఈ రంగంలో పాత జబ్బు.

2015లో వచ్చిన రెండు పడకగదుల ఇళ్ల పథకం దారి మార్చింది. లబ్ధిదారు చేత కట్టించే పద్ధతి మాని, 560 చదరపు అడుగుల ఇంటిని ప్రభుత్వమే కాంట్రాక్టరుతో కట్టించి తాళం చేతికిచ్చే పద్ధతి పెట్టింది. పల్లెల్లో ఇంటికి 5.04 లక్షల రూపాయలుగా ధర నిర్ణయించారు. ఇల్లు గౌరవంగా ఉండాలన్న ఆలోచన మంచిదే. ఆ ధరకు పల్లెల్లో చెదురుమదురుగా నాలుగేసి ఇళ్లు కట్టడానికి కాంట్రాక్టర్లు ముందుకు రాలేదు. రోడ్డు పక్కన ఒకేచోట వంద ఇళ్లు కట్టే చోటికే వచ్చారు. తండాకూ గూడేనికీ ఆ ఇల్లు చేరడం కష్టమైంది. 2023లో మళ్లీ సొంత జాగాలో కట్టుకునేవారికి 3 లక్షలిచ్చే గృహలక్ష్మి ప్రకటించారు. ఆ ఏడాది చివర ప్రభుత్వం మారింది, పథకం రద్దయింది. 2024 మార్చి 11న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి భద్రాచలంలో ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని ప్రారంభించారు. సొంత స్థలం ఉన్నవారికి 5 లక్షల సాయం, మొదటి విడతలో నియోజకవర్గానికి 3,500 ఇళ్లు, రాష్ట్రం మొత్తం మీద నాలుగున్నర లక్షలు అన్నది దాని కొలత.

పదేళ్లలో మూడు పథకాలు మారితే పేదవాడికి పడే దెబ్బ ఒకటుంది, అది ఏ లెక్కలోనూ కనిపించదు. ఒక పథకం కింద ముగ్గు పోసి పునాది తవ్విన మనిషి ఆ పథకం పోగానే దరఖాస్తు దగ్గరికే తిరిగి వస్తాడు. తవ్విన పునాదిలో నీళ్లు నిలుస్తాయి, పోసిన రాయి కుంగుతుంది. పథకం పేరు మారినా ఇంటి సంఖ్య మారకుండా, ఏ దశలో ఆగిందో ఆ దశ నుంచే సాయం కొనసాగే ఏర్పాటు ఉంటే ఈ నష్టంలో చాలా భాగం తప్పేది.

ఇక ఎంపిక సంగతి. 2023 డిసెంబరు 28 నుంచి 2024 జనవరి 6 వరకు ప్రజాపాలన పేరుతో ఊరూరా దరఖాస్తులు తీసుకున్నారు. ఒక్క ఇంటి కోసమే రాష్ట్రవ్యాప్తంగా 80 లక్షలకు పైగా వచ్చాయి. 2024 డిసెంబరులో మొదలైన మొబైల్ యాప్ సర్వేలో పంచాయతీ కార్యదర్శి ఇంటింటికీ వెళ్లి, గోడ మట్టిదా ఇటుకదా, పైకప్పు శ్లాబా రేకులా పెంకులా అని అడిగి, దరఖాస్తుదారును ఇంటి ముందు నిలబెట్టి ఫొటో తీశాడు. వచ్చిన వివరాలను మూడు జాబితాలుగా విడగొట్టారు. సొంత జాగా ఉండి ఇల్లు లేనివారు ఎల్-1, జాగా కూడా లేనివారు ఎల్-2, మిగతావారు ఎల్-3. మొదటి విడత ఎల్-1కే వచ్చింది.

ఇక్కడే అసలు పేచీ. అందరికన్నా ఎక్కువ ఇబ్బందిలో ఉన్నది జాగా కూడా లేని ఎల్-2 వాళ్లు. అద్దె గదిలోనో, అన్నదమ్ముల వసారాలోనో, ప్రభుత్వ భూమిలో వేసిన గుడిసెలోనో ఉండేవాళ్లు వాళ్లే. సొంత స్థలం నిబంధన కార్యాలయానికి సులువు, ఎందుకంటే స్థలం వెతికి పంచే పని తప్పుతుంది. ఆ సులువు కోసం అవసరంలో ముందున్నవాడు వరుసలో వెనక్కి పోయాడు. 2025 జనవరి 21 నుంచి 24 వరకు జరిగిన గ్రామసభల్లో జాబితాలు చదివినప్పుడు చాలా ఊళ్లలో జనం లేచి నిలదీసింది దీని గురించే. తన పేరు ఎందుకు లేదో కార్యదర్శికి కూడా తెలియని చోట కోపం ఎక్కువైంది. ఎంపికలో ఇందిరమ్మ కమిటీలకు పాత్ర ఇచ్చారు. సర్పంచి లేదా ప్రత్యేకాధికారి, మహిళా సంఘాల సభ్యులు, ఎస్సీ, ఎస్టీ, బీసీ వర్గాల నుంచి ఒక్కొక్కరు అందులో ఉంటారు. ఊరి సంగతి ఊరివాళ్లకు తెలుసన్నది నిజమే. అయితే కమిటీ మాట గ్రామసభలో బాహాటంగా చదివి, అభ్యంతరం రాసుకుని, జవాబు చెప్పేదాకా అది ఊరి మాట అనిపించుకోదు. జాబితాతో పాటు తిరస్కరణకు కారణం కూడా పంచాయతీ గోడ మీద అంటించడం ఖర్చులేని పని, సగం తగాదాలు అక్కడే తీరతాయి.

మంజూరు పత్రం చేతికొచ్చాక అసలు కథ మొదలవుతుంది. ఊళ్లో ఎవరూ దీన్ని సాయం అనరు, గ్రాంటు అనరు, బిల్లు అంటారు. ‘బేస్‌మెంట్ బిల్లు పడిందా?’, ‘శ్లాబు బిల్లు ఇంకా పడలేదు’ అని మాట్లాడుకుంటారు. ఆ మాట సరిగ్గానే పుట్టింది. ముందు పని చేసి, తరువాత డబ్బు తీసుకునే కాంట్రాక్టరు స్థానంలో కూలి చేసుకునే కుటుంబం నిలబడింది. 5 లక్షల్లో బేస్‌మెంట్ పూర్తయ్యాక లక్ష, ఆ తరువాత గోడలకూ శ్లాబుకూ కలిపి 3 లక్షలు, ఇల్లు పూర్తయ్యాక చివరి లక్ష. ప్రతి దశలోనూ ముందు ఇంటివాళ్లు పెట్టాలి, ఇంజనీరో కార్యదర్శో వచ్చి యాప్‌లో ఫొటో ఎక్కించాలి, పై అధికారి ఆమోదించాలి, అప్పుడు ఇంటి ఆడమనిషి ఆధార్ ఖాతాలో డబ్బు పడాలి. వారం వారం సోమవారం బిల్లులు వదిలే పద్ధతి 2025లో పెట్టారు. ఈ మొత్తం పథకంలో అన్నిటికన్నా మేలు చేసిన నిర్ణయం బహుశా ఇదే. ఫలానా రోజు పడుతుందన్న నమ్మకం ఉంటే మేస్త్రి ఆగుతాడు, ఇటుకబట్టీవాడు అరువిస్తాడు.

ఆ లెక్కను ఒక ఇంటి దగ్గర నిలబడి చూడాలి. వైరా కింది ఊళ్లలో నేల నల్లరేగడి. ఎండకు బీటలు తీస్తుంది, వానకు ఉబ్బుతుంది. గట్టి మొరం తగిలేదాకా తవ్వకపోతే ఐదేళ్లలో గోడ మూలన పగులు వస్తుంది. అందువల్ల ఎర్రనేల తండాలో నడుములోతు సరిపోయే పునాది, ఇక్కడ మనిషిలోతు దిగుతుంది. రాయి, ఇసుక, కూలి అంతా భూమిలోకే పోతుంది. తీరా బేస్‌మెంట్ పైకి వచ్చాక పడేది రెండు చోట్లా అదే లక్ష. చేతిలో డబ్బు లేని కుటుంబం ఆ లక్షను నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే, బిల్లు మూడు నెలలు ఆలస్యమైతే 6,000 రూపాయలు వడ్డీకే పోతాయి. నాలుగు దశల్లోనూ ఇదే జరిగితే 5 లక్షల సాయంలో ఇటుకలకు అందని భాగం ఎంతో ఇంటి ఇల్లాలికి వేళ్ల మీద తెలుసు. మొదలుపెట్టే శక్తి లేనివారికి మహిళా సంఘాల ద్వారా లక్ష దాకా రుణం ఇప్పించే ఏర్పాటు ఈ బాధ తెలిసే చేశారు. అది కూడా అప్పే. తక్కువ వడ్డీ అప్పు. పునాదికి సగమైనా ముందుగా ఇవ్వడం దీనికి సరైన మందు. డబ్బు తీసుకుని కట్టరేమోనన్న భయం ఉంటే ముగ్గు పోసి గుంత తవ్విన రోజున ఇవ్వవచ్చు.

టేపు కొలత ఇంకో సంగతి. ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. హద్దు దాటితే బిల్లు ఆగుతుంది. పేదవాడు తాహతుకు మించి మొదలుపెట్టి అప్పుల్లో పడకూడదన్నది ఈ నియమం ఉద్దేశం, దాన్ని తప్పుపట్టలేం. కానీ ముగ్గు పోసే రోజున ఇంజనీరు పక్కన లేకపోతే, మేస్త్రి అలవాటుగా మరో రెండడుగులు లాగుతాడు. నెల తరువాత ఫొటో తీయడానికి వచ్చినవాడు టేపు పట్టి తల అడ్డంగా ఊపుతాడు. అప్పటికే కాంక్రీటు గట్టిపడి ఉంటుంది. నియమం పాటించేలా చూడాల్సిన సమయం ముగ్గు రోజు. శిక్ష పడేది బేస్‌మెంట్ రోజు. దీనికి కారణం సిబ్బంది కొరత. గత ప్రభుత్వ కాలంలో గృహనిర్మాణ శాఖను రోడ్లు భవనాల శాఖలో కలిపి ఉద్యోగులను తలోచోటికీ పంపారు. కొత్త పథకం వచ్చాక వాళ్లను మళ్లీ కూడగట్టుకోవాల్సి వచ్చింది. మండలానికి ఒక అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ) ఉంటే, వందలాది ఇళ్ల ముగ్గుల దగ్గరికీ ఆయన వెళ్లలేడు.

అయినా ఈ పద్ధతిలో ఇళ్లు పూర్తవుతున్నాయన్నది కళ్లెదుటి వాస్తవం. 2025 సెప్టెంబరు 3న జూలూరుపాడు పక్కనే ఉన్న చండ్రుగొండ మండలం బెండాలపాడులో ముఖ్యమంత్రి సమక్షంలో ఇందిరమ్మ ఇళ్ల గృహప్రవేశాలు జరిగాయి. సొంతవాళ్లు దగ్గరుండి కట్టుకున్న ఇంటికీ కాంట్రాక్టరు కట్టి ఇచ్చిన ఇంటికీ తేడా గడప దగ్గరే తెలుస్తుంది: వాకిలి ఏ దిక్కు ఉండాలో, పొయ్యి ఎక్కడుండాలో, గొడ్లు ఎక్కడ కట్టాలో వాళ్లే నిర్ణయించుకున్నారు.

అడవి అంచుకు వెళ్తే ప్రశ్న డబ్బు నుంచి భూమి మీదికి మారుతుంది. ఏజెన్సీ గ్రామాల్లో 1959 నాటి భూబదలాయింపు చట్టం, 1970లో సవరించి అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అని పిలుచుకునే చట్టం అమల్లో ఉంది. దాని ప్రకారం గిరిజనేతరుడి పేరిట భూమి బదిలీ చెల్లదు. ఆదివాసీల భూమి చేజారకుండా ఆపిన రక్షణ అది, దాని విలువ ఎంత చెప్పినా తక్కువే. అదే ఊళ్లో తరాలుగా ఉన్న గిరిజనేతర కూలివాడికి మాత్రం ఇంటి జాగా మీద రిజిస్టరు కాగితం ఉండదు, ‘సొంత స్థలం’ అన్న గడిలో ఏం రాయాలో తెలియదు. ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు, పంచాయతీ ధ్రువీకరణ చూసి ఇల్లు కట్టుకోనివ్వడం, అమ్ముకునే హక్కు మాత్రం ఇవ్వకపోవడం ఒక మధ్యేమార్గం.

అటవీ భూమి మీద ఉన్న గూడేలది ఇంకో చిక్కు. 2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13 నాటికి అడవి భూమిని ఆక్రమించి ఉన్న గిరిజనులకు నివాసానికీ సాగుకూ హక్కు ఇచ్చింది. పట్టా భార్యాభర్తలిద్దరి పేరిటా ఉండాలంది, అమ్మరాదంది. పోడు పట్టాల చర్చ అంతా చేను చుట్టూ తిరిగి, నివాస హక్కు అన్న మాట మరుగున పడింది. అదే చట్టం బడి, అంగన్‌వాడీ, దవాఖానా, రోడ్డు, తాగునీటి పైపు వంటివాటికి హెక్టారు లోపు అటవీ భూమిని గ్రామసభ సిఫారసుతో ఇవ్వొచ్చని జాబితా ఇచ్చింది. ఆ జాబితాలో ఇల్లు లేదు. కాబట్టి నివాస హక్కు పత్రం లేని గూడెంలో గృహనిర్మాణ శాఖ మంజూరు చేసినా, ఇటుకల ట్రాక్టరును అటవీ సిబ్బంది ఆపితే అడగడానికి ఏమీ ఉండదు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి భద్రాద్రి కొత్తగూడెం అడవుల్లో ఉంటున్న గుత్తికోయల స్థితి మరీ ఘోరం. ఇక్కడ వాళ్లకు ఎస్టీ గుర్తింపు లేదు, భూమి కాగితం లేదు. తడికల ఇంటి మీద ప్లాస్టిక్ పట్టాతో వానాకాలం గడుపుతారు. వాళ్లు ఏ జాబితాలోకీ రారు, ఎల్-3లోకి కూడా.

దూరం కూడా ధర పెంచుతుంది. ఇసుక ఉచితంగా ఇచ్చినా ట్రాక్టరు కిరాయి ఉచితం కాదు. వాగు దాటాల్సిన గూడేనికి సిమెంటు బస్తా చేరేసరికి వైరా బజారు ధరకు పైన ఇంకొంత పడుతుంది. కేంద్ర పథకమైన ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో మైదానానికి 1.20 లక్షలు, కొండ ప్రాంతాలకూ కష్టమైన ప్రాంతాలకూ 1.30 లక్షలు అని తేడా పాటించారు. తేడా చిన్నదే అయినా సూత్రం సరైనది. 5 లక్షల సాయంలో ఆ తేడా కూడా లేదు.

ఇప్పుడు రెండో దారి, అంటే దెబ్బతిన్న ఇంటి పరిహారం. 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద రాష్ట్రానికో విపత్తు స్పందన నిధి ఉంది. తెలంగాణ వంటి రాష్ట్రాలకు అందులో 75 శాతం కేంద్రానిది, 25 శాతం రాష్ట్రానిది. దాని నుంచి దేనికి ఎంత ఇవ్వాలో కేంద్ర హోంశాఖ ప్రమాణాలు చెబుతాయి. 2022-23 నుంచి 2025-26 వరకు పెట్టిన ప్రమాణాల ప్రకారం, పూర్తిగా కూలిన లేదా తీవ్రంగా దెబ్బతిన్న ఇంటికి మైదానంలో 1,20,000 రూపాయలు, కొండ ప్రాంతాల్లో 1,30,000. కనీసం 15 శాతం దెబ్బతిన్న పక్కా ఇంటికి 6,500, కచ్చా ఇంటికి 4,000. గుడిసెకు 8,000, గొడ్ల కొట్టానికి 3,000. బట్టలకు 2,500, వంటసామానుకు 2,500.

ఈ అంకెలను మళ్లీ ఒకసారి చదవాలి. 6,500కూ 1,20,000కూ నడుమ మెట్టు లేదు. ఒక గోడ పడిపోయి, దూలం వంగి, మూడు గోడల మీద పెంకులు నిలబడి ఉన్న ఇల్లు ఏ కోవలోకి వస్తుంది? ఆ ఇంటిని చూడటానికి వచ్చే రెవెన్యూ ఉద్యోగి ఇంజనీరు కాదు. ‘తీవ్రంగా’ అన్న మాటకు ఆయన చేతిలో కొలబద్ద లేదు. ‘తీవ్రం’ అని రాస్తే పైవాళ్లు ప్రశ్నిస్తారు. ‘పాక్షికం’ అని రాస్తే ఎవరూ అడగరు. కాబట్టి ‘పాక్షికం’ అని రాస్తాడు. ఆ ఒక్క మాటతో 1,13,500 రూపాయల తేడా పడుతుంది. 6,500తో పడిన గోడ లేవదు. మేస్త్రికీ ఇద్దరు కూలీలకూ నాలుగు రోజులు సరిపెట్టుకుంటే ఇటుకలకు ఏమీ మిగలదు. అది పరిహారం అని పిలవదగ్గ మొత్తం కాదు.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వాన ఖమ్మంలో ఈ లోపాన్ని బట్టబయలు చేసింది. మున్నేరు పొంగి బొక్కలగడ్డ, మోతీనగర్, వెంకటేశ్వర నగర్, ప్రకాశ్ నగర్, దంసలాపురం, అవతలి ఒడ్డున జలగం నగర్ వంటి బస్తీలు మునిగాయి. అంతకు ముందు ఏడాది జులైలో కూడా ఇవే బస్తీల్లోకి నీళ్లొచ్చాయి. ముఖ్యమంత్రి వచ్చి తక్షణ సాయంగా కుటుంబానికి 10,000 ప్రకటించారు. తరువాత దాన్ని 16,500కు పెంచి నేరుగా ఖాతాల్లో వేశారు. ఇల్లు పూర్తిగా పోయినవారికి ఇందిరమ్మ ఇల్లు ఇస్తామన్నారు. అదే వానకు బుడమేరు పొంగి విజయవాడను ముంచింది. అక్కడి ప్రభుత్వం నేలమీది ఇంటికి 25,000, పై అంతస్తులకు 10,000 చొప్పున ఇచ్చింది.

రెండు చోట్లా శాతాలు కొలవడం మాని, మునిగిన ఇంటికి ఇంత అని ఒకే మొత్తం ఇచ్చారు. ఇది మొరటు పద్ధతిలా కనిపిస్తుంది కానీ, వరద మొదటి నెలలో ఇదే సరైనది. బురద ఎత్తిపోసుకునే మనిషికి నెల తరువాత వచ్చే న్యాయమైన లెక్క కన్నా వారంలో వచ్చే ఉరామరి లెక్కే అక్కరకొస్తుంది. ఇందులోనూ ఒక ముడి ఉంది. ఖమ్మం వంటి పట్టణంలో మునిగిన ఇంట్లో ఉండేది చాలాసార్లు అద్దెదారు. బియ్యం, బట్టలు, ఫ్రిజ్జు, పిల్లల సర్టిఫికెట్లు పోయింది అతనికి. గోడ నెమ్మెక్కింది, గుమ్మం ఉబ్బింది యజమానికి. ఒకే మొత్తం ఇచ్చినప్పుడు అది ఎవరిదన్న తగాదా వస్తుంది. సామాను సాయం ఉంటున్నవారికి, కట్టడం సాయం యజమానికి అని మొదటి రోజే రెండుగా విడగొట్టి చెబితే ఆ తగాదా పుట్టదు.

భద్రాచలం వరద తీరు వేరు. గోదావరి ఒక్క రాత్రిలో రాదు. 43, 48, 53 అడుగుల దగ్గర మూడు హెచ్చరికలిచ్చి వస్తుంది. 1986 ఆగస్టులో 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరింది. 2022లో ఇంటికి 10,000 రూపాయలతో పాటు, ముంపు కాలనీలవారికి ఎత్తయిన చోట వెయ్యి కోట్లతో శాశ్వత ఇళ్లు కడతామని అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ భద్రాచలంలోనే ప్రకటించారు. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారేనాటికి ఆ కాలనీ లేవలేదు. పట్టణం చుట్టూ ఉన్న ఊళ్లు 2014లో ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి, మిగిలిన చోట ఏజెన్సీ చట్టం ఉంది, ఆపైన అడవి. ఎత్తయిన జాగా ఎక్కడో ముందు తేల్చకుండా ఇళ్ల లెక్క చెప్పడం వల్ల ప్రకటన ప్రకటనగానే మిగిలింది.

మరమ్మతుకు సాయం ఇవ్వడం మన ప్రభుత్వాలకు తెలియని పనేమీ కాదు. ఇందిరా ఆవాస్ యోజనలో ఒకప్పుడు నిధుల్లో 20 శాతం దాకా పాత కచ్చా ఇళ్లను బాగుచేసుకోవడానికి వాడే వీలుండేది; 2004 నుంచి ఇంటికి 12,500 రూపాయలిచ్చేవారు. 2016లో ఆ పథకం ప్రధానమంత్రి ఆవాస్ యోజనగా మారినప్పుడు అది జారిపోయింది. కొత్త ఇంటి ఫొటో బాగుంటుంది, శిలాఫలకం పడుతుంది. మార్చిన దూలానికి శిలాఫలకం వేయరు. కారణం ఇంతకన్నా గొప్పదేమీ కాకపోవచ్చు.

2001 జనవరి 26 భూకంపం తరువాత గుజరాత్ వేరే దారి పట్టింది. దెబ్బను ఐదు తరగతులుగా విడగొట్టి, ప్రతి తరగతికీ ఒక సాయం నిర్ణయించారు. ఇంజనీర్లు ఇళ్లు చూశారు. డబ్బు విడతలుగా నేరుగా యజమానుల ఖాతాలకు వెళ్లింది, వాళ్లే కట్టుకున్నారు. కొత్తగా కట్టిన ఇళ్ల కన్నా బాగుచేసిన ఇళ్లే అక్కడ ఎన్నో రెట్లు ఎక్కువ. బాగుచేసుకున్నవాడు ఊరు వదలలేదు, అప్పుల్లో మునగలేదు, వీధి ఖాళీ కాలేదు. అమెరికాలో 2005 కత్రినా తుపాను తరువాత లూసియానా రాష్ట్రం పెట్టిన రోడ్ హోమ్ పథకం ఒక హెచ్చరిక. మరమ్మతు ఖర్చు, తుపానుకు ముందు ఇంటి మార్కెట్ ధర అనే రెండింటిలో ఏది తక్కువైతే దాన్ని లెక్కకు తీసుకున్నారు. నల్లజాతివారి పేటల్లో ఇళ్ల ధర తక్కువ కాబట్టి, అంతే దెబ్బకు వాళ్లకు తక్కువ డబ్బొచ్చింది. 2008లో కోర్టుకెళ్లారు, 2011లో రాజీ కుదిరింది. ఇటుక ధర పేదపేటలో తగ్గదన్న చిన్న సంగతి ఒక పెద్ద రాష్ట్రం సూత్రంలోంచి తప్పిపోయింది. మన దగ్గర పక్కా పాక్షికానికి 6,500, కచ్చా పాక్షికానికి 4,000 అన్న తేడాలో అదే పొరపాటు ఉంది. మట్టిగోడ పడినవాడికి సగం కన్నా కొంచెం ఎక్కువే చాలన్న లెక్క ఎవరికీ సబబు అనిపించదు.

ఇళ్లు లేచినా వీధి కోలుకోవడం ఇంకో పని. సైడు కాలువ పూడితే, బోరు నీరు చెడితే, చిల్లర కొట్టు మూతపడితే బాగుపడిన ఇంట్లో కూడా మనుషులు ఉండరు. పదిహేనో ఆర్థిక సంఘం విపత్తు నిధిలో 30 శాతాన్ని పునర్నిర్మాణానికీ 20 శాతాన్ని ముందస్తు నివారణకూ కేటాయించమంది. డబ్బుకు తలుపు ఉందన్నమాట. ఆ తలుపు తట్టాల్సింది ఎవరన్నది పల్లెలోనూ వార్డులోనూ తేలదు: కాలువ పంచాయతీది, కట్ట నీటిపారుదలది, స్తంభం కరెంటువాళ్లది, ఇల్లు గృహనిర్మాణానిది. మున్నేరుకు రెండువైపులా 690 కోట్లతో రక్షణ గోడ మొదలైంది. గోడ వెలుపల మిగిలే బస్తీలకు ఏం చేస్తారన్నదీ, గోడ లోపలి వాననీరు ఏరులోకి ఎలా పోతుందన్నదీ ఇంటి సాయంతో కలిపి ఒకే కాగితం మీద రాయాల్సిన విషయాలు.

తనిఖీ గురించి కొంచెమే చెప్పాలి, ఎందుకంటే దానికి తెలుగు నేలే దారి చూపింది. ఉపాధి హామీ పనుల మీద 2006 నుంచి ఉమ్మడి రాష్ట్రం సామాజిక తనిఖీ చేయించింది: ఊరి యువకులే మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగి, గ్రామసభలో అందరి ముందూ చదివారు. గృహసాయానికి కూడా అది ఏడాదికొకసారి జరిగితే, కాగితపు ఇళ్లు పుట్టవు, పదేళ్ల తరువాత సీఐడీ రావాల్సిన పనీ ఉండదు. యాప్‌లోని ఫొటో ఇల్లు ఉందని చెబుతుంది. ఆ ఇంట్లో ఎవరుంటున్నారు, బిల్లు కోసం ఎవరికి ఎంత ముట్టజెప్పారు అన్నది అది చెప్పదు.

ఈ విపత్తు ప్రమాణాలకు పెట్టిన గడువు 2026 మార్చి వరకే. తరువాతి ప్రమాణాల్లో 6,500కూ 1,20,000కూ నడుమ కనీసం రెండు మెట్లు ఉండాలి. ‘తీవ్రం’ అంటే ఎన్ని గోడలో, ఎంత కప్పో రాసి ఉండాలి. మట్టిగోడకూ ఇటుకగోడకూ తేడా పోవాలి. రాష్ట్రం ఇందిరమ్మ ఇళ్లలో కొంత భాగాన్ని పాత ఇళ్ల మరమ్మతుకు విడదీయాలి. ఇవి జరిగేలోగా ఇంటివాళ్లు చేసుకోదగ్గది ఒకటుంది. గోడ పడిన రోజే, బురద తీయకముందే, తేదీ కనిపించేలా నాలుగు వైపులా ఫొటోలు తీసిపెట్టుకోవాలి. పంచనామాలో ‘పాక్షికం’ అని రాశారో ‘తీవ్రం’ అని రాశారో సంతకం పెట్టే ముందే చదివించుకుని, నకలు అడిగి తీసుకోవాలి.